పద్నాలుగో తేదీ, ఇరవై అయిదూ నలభై

"అమ్మా, ఉప్పు ఇటు జరపమను."

ఉప్పు గిన్నె కోడలి మోచేతి పక్కన ఉంది. అడిగింది కొడుకు. ఇద్దరికీ మధ్య కూర్చున్నది అత్తగారు. మూడు రోజులుగా ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడ మీదుగానే తిరుగుతున్నాయి.

"అమ్మాయ్, వాడికి ఉప్పు కావాలట."

"చేతులున్నాయిగా అత్తయ్యా, తీసుకోమనండి."

"ఒరేయ్, చేతులున్నాయిగా, తీసుకోమంటోంది."

"వినబడింది."

"వినబడితే మధ్యలో నన్నెందుకురా చంపుతారు? డెబ్బై ఆరేళ్ళొచ్చాక నాకీ టెలిఫోను ఉద్యోగం ఏమిటి?" అంటూ ఆవిడ ఉప్పు గిన్నె ఎత్తి కొడుకు కంచం పక్కన ఠక్కున పెట్టింది.

వేరే రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. ఆ సాయంత్రం ఎవరూ నవ్వలేదు. బయట పొద్దుటినుంచీ ఒకటే వాన. హాల్లో అడ్డంగా కట్టిన తాడు మీద రెండు రోజులనాటి బట్టలు ఇంకా తడిగానే వేలాడుతున్నాయి. ఆ తడి వాసనలో ముగ్గురూ తలలు వంచుకుని భోజనం కానిచ్చారు.

బల్ల అవతలి చివర చార్టు ఉంది. నాలుగు ముక్కలైన చార్టు, టేపుతో మళ్ళీ ఒకటైంది. చించింది ఆమె, అతికించింది ఆయన. అతికించేటప్పుడు కూడా స్కేలు పెట్టి అతికించాడేమో, ఒక్క గీతా వెంట్రుకవాసి పక్కకి పోలేదు.

ఆమె ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకి హెడ్ నర్సు. ఆయన బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేసే మనిషి. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో, ఏ డ్రైవరు ఎక్కడ ఎన్ని నిమిషాలు టీ తాగాలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన గీసిన గళ్ళలోనే తేలేది. డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ 'నిమిషంగారు'. కిందటి నెల ఆ పని కంప్యూటరుకి అప్పగించి, ఆయన పెద్ద బల్లని గోడౌన్లో పడేసి, ఆయన్ని ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి ఆయన ఒక్క మాట అనలేదు. ఒక పెద్ద తెల్ల కాగితం, రెండు రంగుల పెన్సిళ్ళు కొనుక్కొచ్చి, మధ్యధరా సముద్ర తీరానికి చార్టు వేయడం మొదలుపెట్టాడు.

చార్టు ఆయనదే గానీ, సముద్రం మాత్రం ఆమెది. వంటింటి అలమార తలుపు లోపలివైపు ఇరవై రెండేళ్ళుగా ఒక క్యాలెండరు బొమ్మ అంటించి ఉంది. కొండవాలున తెల్లటి ఇళ్ళు, కింద నీలం సముద్రం, పిట్టగోడ మీద నిమ్మకాయలు, ఎండలో వేసిన ఒక ఖాళీ కుర్చీ. డబ్బా కోసం తలుపు తీసినప్పుడల్లా ఆమె మనసులో ఆ కుర్చీలో ఒక్క క్షణం కూర్చుని లేచేది. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి, ఈ ఏడే ఇద్దరికీ ఒకేసారి పది రోజులు సెలవు దొరికింది. టికెట్లు వచ్చాయి. ఎదురింటి కుట్టుమిషను ఆవిడ అత్తగారికి తోడుంటానంది. అంతా కుదిరింది, చార్టు దగ్గరికి వచ్చేదాకా.

మూడు రోజుల కిందట పన్నెండు గంటలు నిలబడి డ్యూటీ చేసి వచ్చి, కాళ్ళు పీకుతుంటే చార్టు ముందు కూర్చుంది. రెండో రోజు గడిలో ఎర్ర పెన్సిలుతో "సముద్రము చూచుట, 11 నిమిషములు" అని ఉంది.

"పదకొండేనా?" అంది.

"తర్వాతి బస్సు అందుకోవద్దూ? కావాలంటే ఇంకో అయిదు కలుపుతాలే," అన్నాడు నిమిషంగారు.

ఆ "కావాలంటే" అన్న మాట దగ్గర ఆమెకి ఏమైందో ఆమెకే తెలీదు. చూస్తుండగానే కాగితం నాలుగు ముక్కలైంది.

అప్పటినుంచీ ఈ టెలిఫోను కాపురం.

భోజనమయ్యాక ఆయన చేతులు కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళి వాన చూస్తూ నిలబడ్డాడు. ఆమె కంచాలు తీసి బల్ల తుడిచింది. చార్టు కింద తుడవాలంటే చార్టు ఎత్తాలి. ఎత్తింది.

"చూడు, మంచిదే," అంది అత్తగారు గొంతు తగ్గించి. "నిన్న వాడు లేనప్పుడు నేనూ చూశా. నాకు అక్షరాలు ఆనలేదు గానీ, నీ పేరున చాలా గళ్ళున్నాయి."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అవును, ఉన్నాయి. కోపంలో ఆ రోజు పదకొండు నిమిషాలే కనబడ్డాయి. ఇప్పుడు పక్క గళ్ళు కనబడుతున్నాయి. "మెట్లు 40. ఆమె మోకాళ్ళు. వేరే దారి కలదు." ఇంకో చోట "నీడలో కూర్చొనుట, ఆమెకు". ఇంకో చోట నీలం పెన్సిలుతో "నిమ్మతోట, అడిగి చూడవలెను". మోకాళ్ళ నొప్పి సంగతి ఆమె ఆయనతో ఎప్పుడూ చెప్పలేదు. మెట్ల దగ్గర ఆమె గోడ పట్టుకోవడం ఆయన చూసి ఉండాలి.

లేచి వెళ్ళి ఆ బాల్కనీలో ఆయన పక్కన నిలబడితే చాలు, మాట అదే వస్తుందనుకుంది. లేవబోతూ మొదటి గడి వైపు చూసింది.

"తేదీ 14. ఇంటి నుండి 21:00. విమానము 25:40."

ఇరవై అయిదూ నలభై చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. డిపో భాష ఆమెకి కొత్త కాదు. డిపోలో రోజు అర్ధరాత్రితో అయిపోదు. చివరి బస్సు తిరిగొచ్చి గేటు వేసేదాకా అదే తేదీ నడుస్తుంది. అర్ధరాత్రి దాటి ఒంటిగంట అయితే వాళ్ళకది ఇరవై అయిదు. పెళ్ళైన కొత్తలో ఆయన "రాత్రి ఇరవై నాలుగున్నరకి వస్తా" అంటే ఆమె పడీ పడీ నవ్వింది.

అయినా ఎందుకో మనసు ఊరుకోలేదు. బీరువా తీసి టికెట్లు బయటికి లాగింది. టికెట్టు మీద ఉన్నది పద్నాలుగో తేదీ, 01:40.

చార్టునీ టికెట్టునీ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూసింది.

పద్నాలుగున ఒంటిగంటా నలభై అంటే, పదమూడు రాత్రి తెల్లవారకముందే. డిపో లెక్కలో రాయాలంటే "13, 25:40" అని రాయాలి. ఆయన చెయ్యి ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ ఒంటిగంటని ఇరవై అయిదు చేసేసింది, తేదీని మాత్రం వెనక్కి జరపడం మరిచిపోయింది. చార్టు నమ్ముకుని పద్నాలుగు రాత్రి తొమ్మిదికి పెట్టెలు పట్టుకుని బయల్దేరితే, అప్పటికి విమానం వెళ్ళిపోయి ఒక రోజు దగ్గర పడుతుంది. తేదీ మార్చడానికి వీల్లేని టికెట్లవి.

అంతటితో అయితే ఒక రోజు ముందు బయల్దేరితే సరిపోయేది. ఈ రోజు పదో తేదీ. కానీ ఆ చార్టు చూసే ఆమె వార్డులో సెలవు తేదీలు వేయించుకుంది. సెలవు మొదలయ్యేది పద్నాలుగు పొద్దున్న. పది రోజులు తను లేకపోతే మిగతావాళ్ళకి భారమని, పదమూడు రాత్రి, వార్డులో అందరూ పొడుగమ్మాయి అని పిలిచే చిన్న నర్సు డ్యూటీ తను తీసుకుని, తన పదహారో తేదీ డ్యూటీ ఆ పిల్లకి ఇచ్చింది. విమానం లేచే వేళకి ఆమె వార్డులో సెలైన్ బాటిళ్ళు మారుస్తూ ఉంటుంది.

మార్చుకున్న డ్యూటీ మళ్ళీ మార్చుకోవడానికి వీల్లేదు. ఆ రూలు పెట్టింది ఎవరో కాదు, ఆమే. ఎవరికి తోచినట్టు వాళ్ళు మార్చేసుకుని వార్డు సంతలా తయారైందని, పోయిన ఏడు తన చేత్తోనే రాసి గోడకి తగిలించింది. జబ్బు, చావు తప్ప వేరే కారణం చెల్లదు. అతిక్రమించినవారికి ఆ నెల సెలవు రద్దు.

"ఏమైందే, మొహం అలా పాలిపోయింది?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా. నిలబడీ నిలబడీ."

అలసట అబద్ధం కాదు. చెప్పాలంటే కూడా ఓపిక కావాలి. ఆయనకి ఏమని చెప్పాలి? బల్ల పోయింది, పని పోయింది, మిగిలింది ఈ ఒక్క చార్టు. ఇరవై ఆరేళ్ళలో తన బస్సు ఒక్కటీ తప్పు తేదీన కదల్లేదని ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూడా చెప్పుకుంటాడట. ఒకసారి చించిన కాగితాన్ని ఇప్పుడు మళ్ళీ ఎలా చించడం?

బాల్కనీ తలుపు చప్పుడైంది. ఆమె గబుక్కున టికెట్లు చార్టు కిందికి తోసింది. ఆయన వచ్చి బల్ల దగ్గర ఆగాడు. చార్టు వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు.

"పదమూడు రాత్రి నీకు డ్యూటీయేగా?"

మూడు రోజుల తర్వాత అత్తగారి మీదుగా కాకుండా నేరుగా వచ్చిన మొదటి మాట అది. అత్తగారు అవతలి గదిలోకి జారుకుందామని లేచి, కుతూహలం కొద్దీ మళ్ళీ కూర్చుంది.

"అవును," అంది ఆమె.

"అది మారదు కదూ?"

దెప్పుతున్నాడనుకుంది. రూలు పెట్టిన రోజు ఆయనే "భేష్, ఇన్నాళ్ళకి మా డిపోకి తగిన కోడలివయ్యావు" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పే ఇప్పుడు తిరిగొచ్చి తగులుతున్నట్టనిపించింది.

"మారదు. నా రూలు నేనే మార్చుకుంటే రేపు ఎవరైనా నా మాట వింటారా?"

"వినరు."

"మరి ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషా మీరు? దానికీ ఒక గడి గీసే ఉంటారు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక తెలిసింది. ఆయన చార్టు అంచున లేచిన టేపుని వేలితో నెమ్మదిగా అదిమి, లోపలికి వెళ్ళిపోయాడు.

"మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకపోతేనే నయంగా ఉందే," అంది అత్తగారు, ఎవరికీ కాకుండా.

*

మర్నాడు మధ్యాహ్నం వార్డులో మందులు పంచడం అయ్యాక ఆమె పొడుగమ్మాయి కోసం వెతికింది. ఏడో బెడ్డు తాత మంచం మీంచే కేకేశాడు.

"సిస్టరమ్మా, ఇంకెన్ని రోజులు మీ సముద్రానికి?"

"మీకు కట్టు విప్పేలోపే వెళ్ళొస్తా. కదలకండి ముందు."

"నాకో గులకరాయి తెండి. మర్చిపోయేరు."

"తెస్తాను," అంది. ఎలా తెస్తుందో ఆమెకి తెలీదు. పైగా ఆ ప్రయాణం సంగతి వార్డంతటికీ తెలుసు.

పొడుగమ్మాయి స్టోరు గదిలో ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెడుతోంది. పై అరలు స్టూలు లేకుండా అందుకునేది ఆ పిల్ల ఒక్కతే, అందుకే ఆ పని ఎప్పుడూ దానికే పడుతుంది. తన రూలు తనే దాటి ఎలా అడగాలా అని హెడ్ నర్సు రాత్రంతా మాటలు పేర్చుకుంది. తీరా ఎదురుగా నిలబడితే ఒక్కటీ నోటికి రాలేదు.

"నీతో ఒక మాట."

"పదమూడు గురించేనా సిస్టర్?"

ఆమె తెల్లబోయింది. "నీకెవరు చెప్పారు?"

"సార్ వచ్చారు. పొద్దున్న నేను డ్యూటీ ఎక్కేముందు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో గొడుగుంది గానీ విప్పలేదు, మొత్తం తడిసిపోయారు." పొడుగమ్మాయి చేతిలో దుప్పటి కింద పెట్టింది. "నన్నెప్పుడూ చూడలేదు కదా, వచ్చే పోయే నర్సులందర్లో పొడుగ్గా ఉన్నదెవరో చూసుకుంటూ నిలబడ్డారట."

"ఏమన్నారు?"

"తప్పు తనదే అన్నారు. చిరిగిన కాగితం అతికిస్తుంటే కనబడిందట. 'డిపో లెక్క తెచ్చి ఇంటి కాగితంలో రాశానమ్మా. ఇరవై ఆరేళ్ళలో మొదటి తప్పు, అదీ మా ఆవిడకే చేశాను' అన్నారు. మీకు చెప్దామని మూడు రోజులుగా నోరు తెరిచి మూసుకుంటున్నారట. 'ఆవిడ తన రూలు దాటదు, నిన్ను అడగదు. అందుకని నేనడుగుతున్నా' అన్నారు."

హెడ్ నర్సు దుప్పట్ల అర పట్టుకుని నిలబడింది. మూడు రోజుల ఆ మౌనం కోపం కాదు, సిగ్గు. తను చించిన కాగితాన్ని అతికిస్తూ ఆయన తన తప్పు చూసుకున్నాడు. నిన్న సాయంత్రం అడిగింది దెప్పడానికి కాదు, ఏదైనా సందు దొరుకుతుందేమోనని. దానికి తను 'గడి గీసే ఉంటారు' అంది.

"నువ్వేమన్నావు?"

"కుదరదన్నాను."

హెడ్ నర్సు అర మీంచి చెయ్యి తీసింది.

"సార్‌ని చూస్తే జాలేసింది సిస్టర్. నాకు పదమూడున పనేం లేదు కూడా. అయినా కుదరదన్నా. అడగాల్సింది ఆయన కాదు కదా." పొడుగమ్మాయి చూపు దించలేదు. "కిందటి నెల నేను మిమ్మల్ని అడిగినట్టు."

ఆమెకి గుర్తుంది. గుర్తు లేకపోతే బాగుండేది. ఈ పిల్ల అక్క దూరదేశంలో ఉద్యోగానికి వెళ్ళిపోతోందని, సాగనంపడానికి ఒక్క రాత్రి కావాలని అడిగింది. అప్పటికే ఒకసారి మార్చుకున్న డ్యూటీ అది. తను రిజిస్టరులోంచి తలెత్తలేదు. "జబ్బా? చావా? రెండూ కాదు కదా," అని ఎర్ర సిరాతో కొట్టేసింది.

"ఎయిర్‌పోర్టు బస్సు కిటికీలోంచి మా అక్క నాకోసం ఎంతసేపు చూసిందో నాకు తెలీదు," అంది పొడుగమ్మాయి. "మళ్ళీ మూడేళ్ళకి గానీ రాదు."

వివరించడానికి ఆమె దగ్గర చాలా ఉంది. వార్డు, క్రమశిక్షణ, ఒకరికి ఒప్పుకుంటే పదిమంది అడగడం. అవన్నీ నిజాలే. ఒక్కటీ చెప్పాలనిపించలేదు.

"ఆ రోజు నేను తలెత్తి నీ మొహం కూడా చూడలేదు," అంది. "చూసుంటే కొట్టేసేదాన్ని కాదేమో. తప్పు చేశానమ్మా. పదమూడు రాత్రి నువ్వు చేస్తావా? అడుగుతున్నాను."

పొడుగమ్మాయి మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. వెళ్ళి మార్పుల పుస్తకం తెచ్చింది. తేదీ వేసింది, ఇద్దరి పేర్లూ రాసింది. కారణం గడి దగ్గర ఆగింది.

"అత్తగారికి జబ్బని రాయనా సిస్టర్? రూలుకి సరిపోతుంది. ఎవరూ ఆరా తీయరు."

ఒక్క మాట. రాస్తే సెలవు నిలుస్తుంది, విమానం అందుతుంది, రూలూ చెక్కుచెదరదు. ఉప్పు గిన్నె ఠక్కున పెట్టిన ఆ రాయిలాంటి మనిషికి జబ్బని రాయాలి, అంతే. అదే పేజీలో పైన తన ఎర్ర సిరా కనబడుతోంది. 'కారణం: అక్కను సాగనంపుటకు. తిరస్కరించడమైనది.' ఆ పిల్ల నిజం రాసి పోగొట్టుకుంది.

"కలం ఇలా ఇవ్వు."

ముందు పాత గడి దగ్గర రాసింది. 'ఇది నా పొరపాటు.' కింద సంతకం పెట్టింది. తర్వాత కొత్త గడిలో, ఎప్పుడూ రాసేదానికంటే కాస్త పెద్ద అక్షరాలతో, 'సముద్రం చూడటానికి' అని రాసింది. రాసి చూసుకుంటే భయమేసింది. చాలా రోజుల తర్వాత తేలిగ్గానూ ఉంది.

"ఏమ్మా, ఇద్దరూ ఇక్కడున్నారా?"

గుమ్మంలో మేట్రన్ గారు. నెలకోసారి అన్ని వార్డుల పుస్తకాలూ చూసి సంతకం చేసే రోజు అదేనని ఇద్దరికీ గుర్తు లేదు. ఆవిడ చెయ్యి చాచింది.

"మార్పుల పుస్తకమేనా అది? ఇలా ఇవ్వండి."

పొడుగమ్మాయి పుస్తకం మూసెయ్యబోయింది. హెడ్ నర్సు ఆ చెయ్యి ఆపి, తెరిచిన పేజీతోనే అందించింది.

మేట్రన్ గారు కళ్ళజోడు సర్దుకుని నిలబడే చదివింది. వేలు కొత్త గడి దగ్గర ఆగుతుందనుకున్నారు ఇద్దరూ. అది అక్కడ ఆగి, పైకి జరిగి, ఎర్ర సిరా దగ్గరికి వెళ్ళి నిలబడిపోయింది.

"ఈ కింద రాసింది ఎవరు?"

"నేనే మేట్రన్ గారూ."

"రెండూ?"

"రెండూ నేనే."

ఆవిడ కళ్ళజోడు తీసి పుస్తకం మీద పెట్టింది. ఒకసారి గుమ్మంలోంచి వార్డు గోడ మీది రూలు వైపు చూసింది, ఒకసారి పొడుగమ్మాయి మొహం వైపు చూసింది.

"నువ్వు వార్డులోకి వెళ్ళమ్మా," అంది ఆ పిల్లతో. తర్వాత హెడ్ నర్సు వైపు తిరిగి, "మీరు ఆ తలుపు వేసి రండి. ఆ రూలు సంగతి ఇవాళ తేల్చుకుందాం."